తలుపు వెనక గొంతు

గది తలుపుకు లోపల్నుంచి గడియ పడి రెండు గంటలైంది.

షాలిని మూడోసారి టీ వేడి చేసి తెచ్చింది. గ్లాసు గుమ్మం పక్కన స్టూలు మీద పెట్టి, "టీ పెట్టాను" అంది.  లోపల్నుంచి మాటకు బదులు ఆ శబ్దమే మళ్లీ మొదలైంది. ఇనప బల్లలు జరిగిన చప్పుడు, ఆడవాళ్ల దగ్గు, కేకలు. వాటన్నిటినీ మించి మైకులో ఒక మగ గొంతు.

"ఎవరూ లెగొద్దు. చిన్న లీకే. ముందు వైపు ఫారినోళ్లున్నారు. ఆ వెనక తలుపేసీండి. నేను చెప్పేదాకా ఎవరూ బయటికి రావొద్దు."

ఆ గొంతు ఆమె మొగుడు ప్రకాష్‌ది. లోపల కూచుని వింటున్నదీ ప్రకాషే.

హాల్లో సుందరరావు కళ్లజోడు చేతిలో పట్టుకుని కూచున్నాడు. పేపరు ఒళ్లో ఉంది కానీ చదవడం లేదు.

"ఎన్నిసార్లింటాడమ్మా అదే?" అని అడిగాడు కోడల్ని.

"మీరు పిలిస్తే వస్తారేమో, మావయ్యా."

"పిలిచాను. వస్తానన్నాడు. అన్నాడంతే."

సుందరరావు మిషన్ ఆసుపత్రిలో ముప్పయ్యేళ్లు ఎక్స్‌రేలు తీసిన మనిషి. రిటైరయ్యాక కూడా చర్చి క్వయర్‌లో ముందు వరస ఆయనదే. పాటలు నేర్పి కొడుకు గొంతును తన చేత్తో తయారు చేశానని చెప్పుకునేవాడు. నిన్న సాయంత్రం నుంచి ఆ గొంతు ఇంట్లో వినబడినప్పుడల్లా ఆయన తల దించుకుంటున్నాడు.

నిన్న సాయంత్రం షాలిని కంప్యూటర్ ఆపకుండా కూరగాయలకు వెళ్లింది. ప్రకాష్ డ్యూటీ నుంచి గంట ముందే వచ్చాడు. భార్య ఎనిమిది నెలలుగా తీస్తున్న సినిమా తెర మీద ఆగి ఉంది. రొయ్యలు ఒలిచే ఆడవాళ్ల గురించి తీస్తోందని తెలుసు. ఎంతవరకు వచ్చిందో చూద్దామని నొక్కాడు. తొమ్మిదో నిమిషంలో తన గొంతు తనకే వినబడింది.

షాలిని సంచీతో గుమ్మంలోకి వచ్చేసరికి అతను ఒక్కటే మాట అన్నాడు. "మేనేజర్ ఫోన్ చేసి చెప్పమన్నాడు. చెప్పాను." ఆ తర్వాత అన్నం ముట్టలేదు. పొద్దున్నే డ్యూటీకని యూనిఫాం తొడుక్కుని, వెళ్లేముందు ఒకసారి విందామని ఈ గదిలోకి వచ్చి, తలుపేసుకున్నాడు.

పదిన్నరకు గడియ తీసిన చప్పుడైంది. నీలం చొక్కా మీద ఫ్యాక్టరీ బ్యాడ్జీ అలాగే ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. టీ గ్లాసు వంక చూశాడు కానీ తీసుకోలేదు.

"నీకు తెలిసి ఎన్నాళ్లైంది?"

"పదకొండు రోజులు" అంది షాలిని.

"పదకొండు రోజులు." అతను గోడకు చేరబడ్డాడు. "అంటే మొన్న ఆదివారం చర్చిలో నా పక్కన కూచున్నప్పుడు తెలుసు. గ్లోరీ పిన్ని ఇంటికి భోజనానికి వెళ్లినప్పుడు తెలుసు. రోజూ నాకు క్యారేజీ కట్టేటప్పుడు తెలుసు."

"తెలుసు."

"మరి అడగలేదేటి?"

"మీరే చెప్తారని చూశాను."

"ఏటి చెప్పాలి?"

షాలిని టీ గ్లాసును స్టూలు అంచు నుంచి లోపలికి జరిపింది. ఆమెకు నిద్ర లేదు, ఓపిక లేదు. ఈ పదకొండు రోజుల్లో అతన్ని అడగవలసిన మాటల్ని మనసులో ఎన్నిసార్లు అడిగిందో! అలా అడిగి అడిగి ఆ మాటలు అరిగిపోయాయి. ఇప్పుడు నిజంగా అడగవలసి వచ్చేసరికి ఒక్కటీ పైకి రావడం లేదు.

తొమ్మిది నెలల కిందట ఆ రొయ్యల ఫ్యాక్టరీలో అమ్మోనియా పైపు పగిలింది. రొయ్యలు ఒలిచే హాల్లో అప్పుడు నలభై మంది ఆడవాళ్లున్నారు. ముందు వైపు ఆఫీసులో సరుకు చూడటానికి వచ్చిన విదేశీ కొనుగోలుదార్లున్నారు. హాల్లోంచి బయటపడే దారి వెనక తలుపొక్కటే, అది ఏడు నిమిషాల పాటు మూసే ఉంది. పదమూడు మంది ఆసుపత్రి పాలయ్యారు. మొగపేట నుంచి వచ్చే దుర్గ అనే ఇరవై రెండేళ్ల పిల్ల పంతొమ్మిదో రోజున చనిపోయింది. ఆ పిల్లకు ముందునుంచీ ఆయాసం ఉందని కంపెనీ కాగితం రాసింది. తలుపు అసలు మూయనే లేదని కూడా రాసింది.

ఆ ఆడవాళ్ల మాటలు కాక, తలుపు మూశారనడానికి రుజువు ప్రపంచంలో ఒక్కటే ఉంది. అది దుర్గ అక్క ఉష దొంగతనంగా లోపలికి తీసుకెళ్లిన ఫోనులో ఉంది. పదకొండు రోజుల కిందట ఉష దాన్ని తెచ్చి షాలిని చేతిలో పెట్టింది.

"ఆదివారం సినిమాకి ఎవరెవరొస్తన్నారు?" అడిగాడు ప్రకాష్.

"ఊరంతా. మొగపేట చేపల వేలం షెడ్డులో తెర కడతన్నారు. విచారణకు వేసిన ఆఫీసరు కూడా వస్తానన్నారు. సినిమా చూశాకే అందరి దగ్గరా వాంగ్మూలం తీసుకుంటానన్నారు."

"వచ్చి నా గొంతు వింటాడు."

"వింటారు."

"తీసీ."

అతను కేకెయ్యలేదు. అలిసిపోయిన మనిషి మంచినీళ్లు అడిగినట్టు అడిగాడు.

"సినిమా ఉంచుకో. నేనొద్దనను. ఆ బొమ్మలు కూడా ఉంచు. గొంతొక్కటీ తీసీ, షాలినీ. పాటేదైనా వేసీ. అదెంత పని నీకు?"

నిజమే. అదెంత పని ఆమెకు? పన్నెండేళ్లుగా ఈ చిన్న గదిలో కూచుని శ్రీకాకుళం చుట్టుపక్కల పెళ్లి వీడియోలన్నిటికీ మిక్సింగ్ చేసింది. మాంసం ముక్క దగ్గర కొట్టుకున్న బావల మాటలు తీసేసి సన్నాయి వేసింది. పెళ్లికూతురు వెక్కివెక్కి ఏడుస్తుంటే ఆ ఏడుపు తీసేసి, మొహాన్ని మెల్లగా కదిలేట్టు చేసి, మీద ప్రేమ పాట వేసింది. షాలిని చేతిలో పడితే ఏ పెళ్లయినా కళకళలాడుతుందని బొబ్బిలి నుంచి కూడా పని వచ్చేది. బాగా చేస్తుందన్న పేరు వచ్చినకొద్దీ ఆమెకు ఆ కుర్చీలో కూచోవాలంటే నీరసం వచ్చేది.

ఎనిమిది నెలల కింద ఉష ఈ గుమ్మంలోకి వచ్చి, చెల్లెలి ఫొటో పెద్దది చేసి ఇమ్మని అడిగింది. ఫొటో కడుతూ ఆ పిల్ల గురించి నాలుగు మాటలు అడిగింది షాలిని. ఉష చెప్పడం మొదలుపెట్టి రెండు గంటలు చెప్పింది. మర్నాడు షాలిని పెళ్లిళ్ల కెమెరా బ్యాగులో పెట్టుకుని మొగపేట బస్సెక్కింది. ఎవరూ పంపలేదు. ఏమొస్తుందని కూడా అనుకోలేదు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు కిటికీ పక్కన కూచుని, చాలా ఏళ్ల తరవాత, రేపు ఎప్పుడవుతుందా అనుకుంది.

"తియ్యలేను" అంది షాలిని.

"లేవా? ఇష్టం లేదా?"

"పన్నెండేళ్లు జనం ఏడుపుల మీద పాటలేశాను. ఈ ఒక్కదాన్లో..."

"ఈ ఒక్కదాన్లో మొగుణ్ణి పట్టిచ్చి పేరు తెచ్చుకుంటావు."

"పేరా?" ఆమెకు నవ్వు రాబోయి ఆగిపోయింది. "అందులో నా పేరు ఎక్కడైనా కనబడిందా మీకు? మొదటినుంచీ చివరిదాకా చూశారు కదా."

ప్రకాష్ తల తిప్పుకున్నాడు. లేదు. కనబడలేదు.

సుందరరావు కుర్చీలోంచి లేవకుండానే మాట్లాడాడు. "అమ్మా, షాలినీ. నేను వీడి వైపు మాట్లాడతన్నాననుకోకు." కాసేపాగి, "మాట్లాడతన్నానులే. తండ్రిని. ఎవడో ఏసీ గదిలో కూచుని ఫోన్ చేశాడు. వీడు మైకులో చెప్పాడు. ఆదివారం అక్కడ వినబడేది వీడి గొంతే కానీ, ఆ ఫోన్ చేసినోడి గొంతు కాదు. వాడు తప్పించుకుంటాడు. వీణ్ణి తీసుకుపోతారు. అది న్యాయమేనా చెప్పు?"

 నిన్న సాయంత్రం నుంచి షాలిని తనను తాను అడుగుతున్నదీ అదే.

 వీధిలో గ్యాస్ బండి వెళ్లింది. టీ మీద మీగడ కట్టింది.

"సరే. తీసేస్తాను" అంది ఆమె చివరికి. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని నమ్మడానికి ఆమెకు ఒక క్షణం పట్టింది. "కానీ ఉషకు చెప్పి తీస్తాను. ఆ ఫోను వాళ్లది. చెప్పకుండా చెయ్యి పెట్టను."

ప్రకాష్ కళ్లు మూసుకున్నాడు. స్కూటీ తాళం తీసుకుని ఆమె బయటికి వచ్చేసింది.

*

మొగపేట చేరేసరికి పన్నెండు దాటింది. సరుగుడు తోటలు దాటగానే ఏరు సముద్రంలో కలిసే చోటు కనబడుతుంది. ఇసకలో వలలు పరిచి, వాటి మీద నెత్తళ్ల చేపలు ఎండబోస్తోంది ఉష. పక్కనే ఆమె తల్లి తాతమ్మ కాకుల్ని తోలుతూ కూచుంది. ఆ ముసలామె చేతిలో పొడుగాటి వెదురు కర్ర ఉంది కానీ, దాన్ని ఎత్తే ఓపిక ఉన్నట్టు లేదు. కాకులు దూరం జరిగి మళ్లీ వస్తున్నాయి.

మొదట్లో ఉష షాలినిని మేడమ్ అనేది. ఈ మధ్య సొంత అక్కను పిలిచినట్టు అప్పా అంటోంది.

"ఏటప్పా, ఈయాలొచ్చినావు? సినిమా ఆదివారం కదా?" గ్యాస్ తగిలిన రోజు నుంచి ఉష గొంతు బొంగురు పోయింది. నాలుగు మాటలకోసారి ఆగి గాలి పీల్చుకోవాలి.

"ఒక మాట అడగాలని వచ్చాను."

"అడుగు. సేతులు కాళీ నేవు కానీ, సెవులున్నాయి."

షాలిని ఇసకలో కూచుని ఓ గుప్పెడు చేపలు తీసుకుని తనూ పరచడం మొదలుపెట్టింది. దారంతా మాటలు కూడబలుక్కుంటూనే వచ్చింది.

"నువ్విచ్చిన వీడియోలో... మైకులో వచ్చిందే, ఆ గొంతు. అది తీసేద్దామనుకుంటున్నాను. సౌండు సరిగా లేదు. గరగరమంటోంది."

ఉష చెయ్యి ఆగలేదు. ఒక చేపను తిరగేసి పెట్టింది. ఇంకోదాన్ని తిరగేసి పెట్టింది.

"సౌండు బాగోనేదా? మీ ఆయన గొంతని సెప్పప్పా."

షాలిని చేతిలో చేపలు ఇసకలో పడిపోయాయి.

"నీకు తెలుసా?"

"ఓలమ్మ! ఆరేళ్లు ఆ గొంతు కింద పన్జేసినాను. ఉషా, నీ బల్ల కాడ తొక్కలు తియ్యి. దుర్గా, గ్లౌజులేసుకో. పొద్దుగూకులా ఇదే కదా. మాకు తెలీకపోడానికేటి? ఇక్కడ ఏ ఆడమనిషినైనా అడుగు, సెప్తాది."

"మరి తెలిసి కూడా నాకే ఎందుకిచ్చావు?"

 ఉష వల చివర సరిచేసి, గాలి పీల్చుకుని, అప్పుడు మాట్లాడింది.

"ఇయ్యకూడదనే అనుకున్నాను. ఎనిమిది నెలలు ఆ ఫోను బియ్యం డబ్బాల దాసినాను. నువ్వు ఆయన పెళ్లానివి. కంపెనీవోలే నిన్ను పంపినారేటోనని అనుమానం. వచ్చినప్పుడల్లా సూసేదాన్ని. నువ్వు దుర్గ గురించే అడిగీదానివి. అది ఏటి తినీది, ఎవులితో ఆడీది, ఏ చీరంటే ఇష్టం. ఫ్యాక్టరీ ఊసు నువ్వెప్పుడూ ఎత్తనేదు. అప్పుడనుకున్నాను, ఈ మనిషికిద్దును. సూపిస్తే సూపిస్తాది, దాసుకుంటే దాసుకుంటాది. ఎలాగైనా ఆ గొంతు ఒక్కపాలి ఆ ఇంట్లో ఇనబడాల. ఆయన ఇనాల. నాకదే."

"విన్నారు" అంది షాలిని. "నిన్నటినుంచి వింటూనే ఉన్నారు."

ఉష తలాడించింది. ఆ మొహంలో సంతోషం లేదు. కోపం కూడా లేదు.

"అయితే తీసీ అప్పా. నీ కాపురం నీది. నీ మీద నాకు కోపం రాదు. ఏసినా ఎయ్యకపోయినా నా సెల్లి రాదు. నాకూ ఓపిక అయిపోనాది. ఎవులు పిల్సినా ఎల్లడం, అదే కత మళ్లీ సెప్పడం. ఇంక ఒగ్గీ."

షాలిని సముద్రం వంక చూసింది. ఇంత సులువుగా అనుమతి దొరుకుతుందని ఆమె అనుకోలేదు. దొరికాక గుండె తేలిక పడుతుందనుకుంది. పడలేదు.

"ఆ తలుపు ఆడే ఏసినాడు."

అన్నది తాతమ్మ. ఆ ముసలామె కెమెరా ముందు ఎనిమిది నెలల్లో ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు కర్ర ఇసకలో గుచ్చి, కాకుల్నే చూస్తూ మాట్లాడింది.

"ఏసినాడు. మళ్లీ ఆడే తీసినాడు. నీ సినిమాల ఏసిందొక్కటే ఉన్నాది. తీసింది నేదు. పెడితే రెండూ పెట్టు. నేకపోతే రెండూ తీసీ."

"ఎవరు తీశారు?" షాలినికి అర్థం కాలేదు.

"మీ ఆయనే అప్పా" అంది ఉష. "నీకు సెప్పనేదా? తలుపు తీసి నోపలికొచ్చింది ఆయనొక్కడే. ముక్కుకి గుడ్డ కూడా నేదు. నా సెయ్యి ఒట్టుకుని బయటికి ఈడ్సినాడు. దుర్గ నా సెయ్యి ఒట్టుకుని ఎనకే ఉన్నాది. దాని సెయ్యి జారిపోనాది." ఆగింది. ఈసారి గాలి కోసం ఎక్కువసేపు ఆగవలసి వచ్చింది. "మళ్లీ ఎల్లినాడు. మళ్లీ ఎల్లి దాన్నీ తెచ్చినాడు. అప్పటికే... ఏటి సెప్పమంటావు."

"వీడియోలో అది లేదు."

"ఫోను అప్పటికే బూటులోకి తోసీసినాను కదా."

ఆ రోజు సాయంత్రం ప్రకాష్ కళ్లు మంకెన పువ్వుల్లా ఎర్రబడి ఇంటికి రావడం షాలినికి గుర్తుంది. తను ఆఫీసు గదిలో ఉన్నానని, పొగ అక్కడిదాకా వచ్చిందని చెప్పాడు. వారం రోజులు కళ్లలో చుక్కలు వేసింది ఆమే. ఆ చేతుల మీద గీతలేమిటని అడిగితే, ట్రేలు తగిలాయన్నాడు.

మనిషి చేసిన మంచిని కూడా దాచుకున్నాడంటే, దాని పక్కన ఏం ఉండబట్టి దాచుకున్నాడు?

"ఆయనొచ్చి సెప్తాడా ఇది?" తాతమ్మ అడిగింది. "మా ముందర నిలబడి?"

"తెలీదమ్మా" అంది షాలిని. "అడుగుతాను."

*

ఇంటికి చేరేసరికి మూడున్నర. సుందరరావు గేటు దగ్గరే ఎదురొచ్చాడు.

"అన్నం తిన్నాడు. రెండు ముద్దలు. మళ్లీ ఆ గదిలోకే వెళ్లాడు. ఉష ఏమంది?"

"తీసెయ్యమంది, మావయ్యా."

ఆయన మొహం విప్పారబోయి, కోడలి మొహం చూసి ఆగిపోయింది.

ప్రకాష్ కుర్చీలో లేడు. కింద, గోడకు ఆనుకుని కూచున్నాడు. కంప్యూటర్ ఆపేసి ఉంది. 

"తీసేశారా?"

"లేదు. నువ్వొచ్చేలోగా తీసేద్దామనే అనుకున్నాను. ఏది నొక్కితే పోతాదో నాకూ తెలుసు. ఒక్కసారి విని తీసేద్దామని విన్నాను." అతను మోకాళ్ల మీద తల పెట్టుకున్నాడు. "ఇప్పుడు ఏ దగ్గు ఎవరిదో తెలిసిపోతంది, షాలినీ. మొదట అరిసింది ఉష. చివర్లో వచ్చే చిన్న దగ్గు దుర్గది."

షాలిని అతని ఎదురుగా చాప మీద కూచుంది.

"లోపలికి వెళ్లింది మీరేనట."

అతను తల ఎత్తలేదు.

"రెండుసార్లు వెళ్లారట. ఉష చెప్పింది. తాతమ్మ చెప్పింది. తొమ్మిది నెలల్లో మాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మొత్తం చెప్పాలి."

"ఇప్పుడు చెప్పండి. నాకు కాదు." ఆమె లేచి మూలనున్న స్టాండు వైపు చూసింది. "ఆ కెమెరా ముందు కూచోండి. గొంతు తీసెయ్యమన్నారు. తీసేస్తే ఆ సినిమాలో మీరు ఉండరు. తలుపు వేయించిన వాడూ ఉండడు. తీసిన వాడూ ఉండడు. ఆ ఫోన్ చేసిన మేనేజర్ కూడా ఉండడు. ఉంచితే మీరొక్కరే ఉంటారు, అది కూడా సగం. ఆ గొంతు ఎవరిదని జనం అడక్కముందే నాది అని మీరే చెప్పండి. ఎవరు ఫోన్ చేశారో, ఏమన్నారో చెప్పండి. తరవాత ఏం చేశారో అదీ చెప్పండి."

"ఉద్యోగం ఉండదు."

"ఉండదు."

"నువ్వు మళ్లీ పెళ్లిళ్లు చెయ్యాలి."

"చేస్తాను." ఎంత అలిసిపోయినా ఆ మాట మాత్రం తడుముకోకుండా వచ్చింది.

సుందరరావు గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. పొద్దుట్నుంచి మొదటిసారి ఆయన గొంతులో కాస్త పట్టు వచ్చింది.

"కోడలు చెప్పింది సబబుగానే ఉందిరా. ఫోన్ చేసినోడి పేరు చెప్పీ. ఎన్ని గంటలకు చేశాడో చెప్పీ. ఆర్డరిచ్చినోడు వేరు, మాట మోసినోడు వేరు. ఆ ఆఫీసరికి అది తెలియాలి కదా. నీ మెడకు చుట్టుకున్నది నువ్వే విప్పుకోవాలి."

ప్రకాష్ తండ్రి వంక చాలాసేపు చూశాడు. తరవాత లేచాడు. వెళ్లి మొహం కడుక్కుని వచ్చి, అదే నీలం చొక్కాతో కిటికీ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూచున్నాడు.

"కానీ" అన్నాడు.

షాలిని స్టాండు లాగి కెమెరా బిగించింది. సాయంత్రపు వెలుగు అతని ఎడమ చెంప మీద పడుతోంది. కాలరుకు చిన్న మైకు పెడుతుంటే అతని గుండె కొట్టుకోవడం ఆమె వేళ్లకు తెలిసింది. పదమూడేళ్ల కాపురంలో ఎన్నో పెళ్లికొడుకుల కాలర్లకు ఈ మైకు పెట్టింది. మొగుడికి పెట్టడం ఇదే మొదటిసారి.

సుందరరావు స్టూలు తెచ్చుకుని గుమ్మంలో కూచున్నాడు. కెమెరా మీద ఎర్ర చుక్క వెలిగింది.

"పేరు చెప్పండి."

"కొత్తపల్లి ప్రకాష్."

"ఫ్యాక్టరీలో ఏం చేస్తారు?"

"పీలింగ్ సెక్షన్‌లో షిఫ్ట్ ఇన్‌చార్జిని. ఏడేళ్లు."

"వీడియోలో మైకులో వినబడిన గొంతు ఎవరిది?"

"నాదే." కాలరు మీది మైకును వేలితో తాకాడు. "ఆ గొంతు నాదే. తలుపు వెయ్యమన్నది నేనే. పదకొండుంబావుకి."

గుమ్మంలో సుందరరావు మెల్లగా తల ఊపాడు. మొదటి మెట్టు దాటాడన్నట్టు చూశాడు.

"మీకు ఫోన్ చేసి అలా చెప్పమన్నది ఎవరు?"

ప్రకాష్ కెమెరా వంక చూడలేదు. షాలిని వంక కూడా చూడలేదు. కిటికీ చువ్వ మీద గోటితో గీస్తూ ఉండిపోయాడు. ఒక నిమిషం గడిచింది. పక్కింట్లో ఎవరో మోటారు వేశారు. నీళ్లు ట్యాంకులో పడుతున్న చప్పుడు. రెండో నిమిషం కూడా గడిచింది. ఇలాంటి ఖాళీ ఎక్కడ కనబడినా ముందు దాన్నే కోసేయడం షాలినికి పన్నెండేళ్ల అలవాటు. ఈసారి కెమెరాను అలాగే నడవనిచ్చింది.

"ఫోను రాలేదు" అన్నాడు ప్రకాష్.

సుందరరావు స్టూలు కిర్రుమంది.

"మేనేజర్ ముందు వైపు ఫారినోళ్లతో ఉన్నాడు. నన్ను తలుచుకునే తీరిక కూడా లేదతనికి. ఎవరూ ఫోన్ చెయ్యలేదు. ఎవరూ నాకేటీ చెప్పలేదు. అంతకుముందు రెండుసార్లు లీకైంది, కాసేపటికి పోయింది. ఇదీ పోతాదనుకున్నాను. ఈ నలభై మంది ఆ తలుపులోంచి ఒక్కసారిగా దగ్గుకుంటూ ముందు వైపుకొచ్చేస్తే, ఫారినోళ్లు చూస్తే, ఇన్‌చార్జి ఎవడని అడుగుతారు. నన్నంటారు. అదే అనుకున్నాను. అదొక్కటే. నేనే మైకు తీశాను. నిన్న మీకు చెప్పింది అబద్ధం. నాన్నా, మీరు దాన్ని పట్టుకుని పొద్దుట్నుంచి..."

"ఆపీమ్మా." సుందరరావు లేచి నిలబడ్డాడు. ఒక అడుగు గదిలోకి వేశాడు. "షాలినీ, అది ఆపీ. ఇది ఇంట్లో మాట. ఇది బయటికి పోకూడదు. ఆపమ్మా!"

షాలిని చెయ్యి తెలియకుండానే కెమెరా వైపు వెళ్లింది. పొద్దుట ఈ మనిషి కోసమే గొంతు తీసేస్తానంది. మధ్యాహ్నం తాతమ్మకు మాటిచ్చింది. దారంతా ఎవరో పెద్దవాణ్ణి ఈ సినిమాలో నిలబెట్టబోతున్నాననుకుంటూ వచ్చింది. నిలబెట్టడానికి ఎవరూ లేరు. ఈ కుర్చీలో కూచున్న మనిషే ఉన్నాడు.

"ఆపకు, షాలినీ." ప్రకాష్ మొదటిసారి తల ఎత్తి కెమెరా వంక చూశాడు. "ఇంకోసారి చెప్పలేను."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇంకో చేతిలో, అతను మొహం కడుక్కుని వచ్చేలోగా రాసుకున్న ప్రశ్నల కాగితం ఉంది. అందులో తరవాతి ప్రశ్నలన్నీ మేనేజర్ గురించే. కాగితం మడిచి కింద పెట్టింది. మావయ్య వైపు చూడలేదు. చూస్తే అడగలేనని ఆమెకు తెలుసు.

"ఆ ఏడు నిమిషాలూ..." ఆగి, మళ్లీ మొదలుపెట్టింది. "లోపల వాళ్లు తలుపు కొడుతున్న ఆ ఏడు నిమిషాలూ, మీరు ఎక్కడ నిలబడ్డారు?"